క్లోక్‌రూం నాలుగో నిబంధన

బస్టాండులో విచారణ కౌంటరు దాటాక, మరుగుదొడ్లకు ఇవతల, ఒక పొడవాటి గది ఉంది. బోర్డు మీద ‘సామాను భద్రపరచు గది’ అని ఉంటుంది. జనం క్లోక్‌రూం అంటారు. లోపలి గోడ మీద ఎర్ర పెయింటుతో మూడు నిబంధనలు రాసి ఉన్నాయి. తాళం లేని సామాను తీసుకొనబడదు. సామానులో ఏమున్నదీ అడగబడదు. సాయంత్రం ఏడు దాటి వచ్చినవారికి సామాను మరునాడు ఇవ్వబడును. రాజ్యాంగాలు రాసిన మహానుభావులకు కూడా ఇంత క్లుప్తత చేతకాలేదు.

ఈ మూడు నిబంధనలకూ పంతొమ్మిదేళ్లుగా ఏకైక సంరక్షకురాలు ఒకావిడ. ఉద్యోగం కాగితాల్లో ఆవిడకొక పేరు ఉంది కాని, జీతం రోజు తప్ప దానితో ఎవరికీ పని పడలేదు. డ్రైవర్లకు టోకెనమ్మ, ఊడ్చేవాళ్లకు టోకెనమ్మ, ఆఖరికి డిపో మేనేజరుకు కోపం వస్తే టోకెనమ్మగారు. వయసు యాభై రెండు. కూర్చోవడం చేతకాదు. శాఖవారు ఇచ్చిన కుర్చీ కొన్ననాటిలా నిగనిగలాడుతూ అలాగే ఉంది. దాని మీద ఎప్పుడూ ఎవరిదో ఒక సూట్‌కేసు కూర్చుని ఉంటుంది. ఆవిడ మాత్రం పై అరలోని పెట్టెను కిందికీ, కింది అరలోని సంచిని పైకీ మారుస్తూ, తలుపు దాకా వెళ్లి బయటికి చూసి, మళ్లీ వచ్చి అదే పెట్టెను మళ్లీ పైకి పెడుతూ, కాలు కాలిన పిల్లిలా తిరుగుతూ ఉంటుంది.

ముఖాలు ఆవిడకు గుర్తుండవు. సామాన్లు గుర్తుంటాయి. “చక్రం విరిగిన సూట్‌కేసు ఇవాళ పెళ్లాంతో పోట్లాడి వచ్చిందండీ” అని ఇంట్లో చెబితే, భర్తకు వెంటనే అర్థమవుతుంది.

ఆ భర్త బస్టాండు మైకు. బస్సులు వచ్చుటా పోవుటా ముప్పై ఏళ్లు ప్రకటించి ప్రకటించి, మామూలుగా మాట్లాడడం మరిచిపోయాడు. కూరలో ఉప్పు చాలకపోతే “దయచేసి గమనించగలరు” అని మొదలుపెడతాడు. వీళ్ల కూతురు పెళ్లయి పక్క వీధిలోనే కాపురం ఉంటుంది. తల్లి సలహాలకు పక్క వీధి ఒక దూరం కాదని ఆ పిల్ల ఫిర్యాదు.

ఈ టోకెనమ్మ జీవితంలోకి, బడులు తెరిచిన రెండో వారంలో, ఒక నీలం బ్యాగు వచ్చింది.

బడి బ్యాగు. జిప్పుకు చిన్న తాళం. దాన్ని మోసుకొచ్చిన పిల్లకు పదహారేళ్లుంటాయి. బుధవారం, శుక్రవారం మధ్యాహ్నాలు బడిలో ఆటల పీరియడ్లట, ఆడనివాళ్లు వెళ్లిపోవచ్చట. ఈ పిల్ల ఆడదు. రెండింటికి యూనిఫాంలో బస్సు దిగుతుంది, ఆడవాళ్ల గదిలోకి వెళుతుంది, పది నిమిషాల్లో వేరే బట్టలు, వేరే చెప్పులు, వేరే నడకతో బయటికి వస్తుంది. యూనిఫాం బ్యాగులోకి, బ్యాగు టోకెనమ్మ చేతిలోకి, టోకెను పిల్ల చేతిలోకి. ఆరింటికి వచ్చి అంతా తిరగేసి చేసి, బుద్ధిమంతురాలై ఇంటికి పోతుంది.

సినిమాకు పోతోంది కాబోలు అనుకుంది టోకెనమ్మ. ఆ వయసులో తానూ పోయింది. మూడో వారంలో తలుపు దాకా వెళ్లి చూసే అలవాటు కొద్దీ చూస్తే, రోడ్డు అవతల ఒక కారు ఆగి ఉంది. పిల్ల ఎక్కింది. కారు నడుపుతున్న పెద్దమనిషికి ఎంత తక్కువ వేసుకున్నా నలభై అయిదేళ్లు.

“ఎవరమ్మాయ్ ఆయన?” అంది ఆ సాయంత్రం.

“మావయ్య” అంది నీలం బ్యాగు.

తరువాతి బుధవారం వచ్చిన కారు వేరు, మావయ్య వేరు.

“ఈయన?”

“ఈయనా మావయ్యే. మాది పెద్ద కుటుంబం ఆంటీ.”

ఆ కుటుంబం ఇంకా పెరిగింది. నీలం బ్యాగు వెనకాల ఒక గులాబీ బ్యాగు, ఒక తాడుసంచి కూడా రావడం మొదలైంది. ముగ్గురూ గది బయట బెంచీ మీద కూర్చుని కార్ల కోసం చూస్తుండేవాళ్లు. తలుపు వెనక సామాన్లు సర్దుతున్నట్టు నటించడంలో టోకెనమ్మకు పంతొమ్మిదేళ్ల అనుభవం.

“మావాడు మొన్న కూడా వాళ్లావిడ గురించే” అంటోంది గులాబీ బ్యాగు. “రెండు గంటలు. నేను తలూపుతూ ఐస్‌క్రీం తిన్నా.”

“తలూపితే బూట్లు కొన్నాడా?”

“తలూపితేనే కొన్నాడు. ఇంట్లో మా నాన్న సోది ఉత్తినే వింటున్నా, ఏం ఒరిగింది?”

“నాకు ఫోను ఇస్తానన్నాడు” అంది నీలం బ్యాగు. “క్లాసులో నాదొక్కదానిదే పగిలిన ఫోను.”

ముగ్గురిలో పెద్దది తాడుసంచి. కాస్త సన్నగా, కాస్త అలిసిపోయినట్టు ఉంటుంది. అది అంది: “మొదట్లో అందరూ వినమనే అంటారే. తరవాత అడిగేవి వేరే ఉంటాయి. పేరు చెప్పకండి. బడి చెప్పకండి. ఇల్లు చెప్పకండి. ఆ మూడూ తెలియనంతవరకు మనకి ఇష్టం లేనప్పుడు పోకుండా ఉండొచ్చు.”

తలుపు వెనక టోకెనమ్మ సర్దడం ఆపింది. వినవలసిన మాట వింది. కాని ఆవిడ పట్టుకున్నది దాని తోక. అంటే ఇవి దొంగపేర్లతో తిరుగుతున్నాయన్నమాట!

ఆ పూట ఆవిడ సామాన్లు మూడుసార్లు సర్దింది. ఇంట్లో భర్తకు చెప్పింది.

“రెండో నిబంధన” అన్నాడాయన. “సామానులో ఏమున్నదీ అడగబడదు.”

“నేను సామాను గురించి చెబుతున్నానా?”

“ప్రయాణికుల వ్యక్తిగత విషయాలకు సంస్థ బాధ్యత వహించదు.”

“మీ నోట్లో మైకు పెట్టి ఆపేయాలి ఎవరైనా. రేపు ఆ పిల్లకి ఏదైనా అయితే?”

ఆయన తినడం ఆపాడు. మామూలు గొంతుతో, “అయితే ఏం చేద్దామంటావు?” అన్నాడు. ఆ గొంతు ఆవిడకు కొత్త. అందుకే ఇంకా భయం వేసింది.

ముందు మందలించి చూసింది. “చూడమ్మా, నీ వయసు ఆడపిల్ల...” అని ఎత్తుకుందో లేదో, నీలం బ్యాగు టోకెను చేతిలో ఆడిస్తూ, “ఇది బ్యాగు పెట్టుకునే చోటేనా ఆంటీ, ఇక్కడ కూడా నీతి పాఠం పీరియడు ఉందా?” అంది. మరుసటి రెండు వారాలు రాలేదు. ఆ రెండు వారాలూ బుధ శుక్రవారాల్లో రెండింటి నుంచి ఆరింటి దాకా టోకెనమ్మ పడిన పాట్లు పగవాడికి వద్దు. వస్తే కళ్ల ముందు పాడైపోతోందని బాధ. రాకపోతే కళ్ల వెనక ఏమవుతోందోనని బాధ. మూడో వారం బ్యాగు మళ్లీ కనిపించింది. సినిమాహాలు సైకిల్ స్టాండులో పెడితే ఎలుకలు పుస్తకం కొరికాయట. ఆ ఎలుకలకు టోకెనమ్మ మనసులోనే దండం పెట్టుకుంది. మాట్లాడితే పోతుంది, మాట్లాడకపోతే ఉంటుంది, అని అర్థం చేసుకుని నోరు కట్టేసుకుంది.

నోరు కట్టుకున్న మనిషికి బుర్ర ఎక్కువ పనిచేస్తుంది. ఆఫీసుల్లో నెరిసిన జుట్టుకు ఒక నమ్మకం ఉంటుంది: సరైన పేరు సరైన గడిలో పడితే లోకం దానంతటదే బాగుపడుతుంది. దొంగపేర్లే రోగమైతే, అసలు పేరే మందు. ఒక ఆదివారం టోకెనమ్మ కూర్చోకుండానే, వంటగట్టు మీద కాగితం పెట్టుకుని నాలుగో నిబంధన రచించింది. భాష భర్త దిద్దాడు. ‘పద్దెనిమిది సంవత్సరములు నిండని వారి సామాను, సంరక్షకుల సంతకము లేనిదే తీసుకొనబడదు.’ దానికి అనుబంధంగా ఒక ఫారం. ఎడమవైపు విద్యార్థి పేరు, తరగతి, బడి, ఇంటి చిరునామా, తల్లి ఫోను నంబరు. కుడివైపు సంరక్షకుని పేరు, వరస, ఫోను, గుర్తింపు కార్డు నంబరు, సంతకం. యాభై కాపీలు తీయించింది. పై అధికారుల అనుమతి ఒక్కటి తక్కువ. అది అడిగితే వస్తుందా రాదా అన్న సందేహం ఉన్నచోట అడగకపోవడమే క్షేమమని ఆవిడ పంతొమ్మిదేళ్ల సర్వీసు నేర్పింది.

ఉద్దేశం మంచిదే. తల్లి సంతకం కావాలంటే పిల్ల తల్లిని తీసుకురావాలి. తీసుకురావడం కుదరదు కాబట్టి మానేస్తుంది.

బుధవారం ఫారాలు చూడగానే గులాబీ బ్యాగూ తాడుసంచీ ఒకరి ముఖం ఒకరు చూసుకుని వెళ్లిపోయాయి. టోకెనమ్మ దాన్ని విజయం కింద జమ కట్టుకుంది. వాళ్లు ఎక్కడికి వెళ్లారో ఆలోచించలేదు. నీలం బ్యాగు వెళ్లలేదు. కాసేపు నిలబడి, బయటికి వెళ్లి, మావయ్యను తీసుకొచ్చింది.

అప్పటికి మావయ్యలు తగ్గి ఒక్కడు మిగిలాడు. ఆయన రావడానికి అర నిమిషం ముందు ఆయన సెంటు వచ్చేది. టోకెనమ్మ లెక్కలో ఆయన సెంటు మావయ్య. ఇస్త్రీ మడత నలగని చొక్కా, ఇంట్లో కూడా ఇదే నవ్వు నవ్వుతాడేమో అనిపించే నవ్వు.

“ఏదో సంతకం కావాలంటోంది మా అమ్మాయి. ఇవ్వండి మేడం.”

ఇక్కడ టోకెనమ్మ తడబడాలి. తడబడలేదు. పైగా ఆవిడలోని ఉద్యోగి ఉప్పొంగింది. వీడి పేరు కాగితం మీదికి రాబోతోంది! “ముందు ఎడమవైపు పిల్ల నింపాలి” అంది గంభీరంగా. “బడి ఐడీ కార్డులో ఎలా ఉంటే అలాగే. కార్డు తీయమ్మా. కొట్టివేతలు పనికిరావు.”

పిల్ల కలం పట్టుకుని ఆగింది. “తరవాత రాస్తా ఆంటీ.”

“తరవాత అన్నది మా దగ్గర లేదు.”

పిల్ల రాసింది. ఒక్కో గడీ నింపుతుంటే భుజం మీదుగా సెంటు మావయ్య చదివాడు. మెల్లగా, అక్షరం అక్షరం.

“ఓహో” అన్నాడు. “నీ అసలు పేరు ఇదా. బాగుందే. ఇంత దగ్గర బడా? మా ఆఫీసు పక్క వీధే.”

తరువాత కుడివైపు తన వివరాలు నింపాడు. వరస దగ్గర ఒక్క క్షణం ఆలోచించి, ‘మేనమామ’ అని రాశాడు. గుర్తింపు కార్డు నంబరు అడిగితే చూపించి మరీ వేశాడు. బస్టాండు క్లోక్‌రూం ఆడమనిషికి భయపడవలసిన అవసరం ఆయన జీవితంలో అంతవరకు రాలేదు. సంతకం గీసి, ఫోను తీసి, ఫారాన్ని ఫోటో తీసుకున్నాడు.

“కాపీ ఉండాలి కదండీ” అన్నాడు నవ్వుతూ.

టోకెనమ్మ అప్పుడు పిల్ల ముఖం చూసింది. ముఖాలు గుర్తుండని మనిషి. ఈ ముఖం మాత్రం అక్కడికక్కడే అచ్చుపడిపోయింది. పేరు చెప్పకండి, బడి చెప్పకండి, ఇల్లు చెప్పకండి. మూడూ ఒకే కాగితం మీద, గడులు గీసి, కొట్టివేతలు లేకుండా, ఈవిడే రాయించి ఇచ్చింది.

రాత్రి భర్త విన్నాడు. ప్రకటన ఏదీ చేయలేదు. “కొండనాలుకకు మందేస్తే...” అన్నాడు, పూర్తి చేయలేక ఆగాడు. ఆవిడ తెల్లారేదాకా అటు ఒకసారి ఇటు ఒకసారి దొర్లింది.

శుక్రవారం నీలం బ్యాగు రాలేదు. బుధవారం రాలేదు. ఆ మధ్య రోజుల్లో టోకెనమ్మ రెండు సూట్‌కేసులు తారుమారు చేసి ఇచ్చింది. పంతొమ్మిదేళ్లలో మొదటిసారి. ఫారంలో తల్లి నంబరు ఉంది. దాన్ని చూసి చూసి కంఠతా వచ్చేసింది. రెండుసార్లు నొక్కింది, మోగకముందే కట్ చేసింది. ఏమని చెప్పాలి? ‘నేనెవరో మీకు తెలియదు, మీ అమ్మాయిని నేను అమ్మేశాను’ అనా?

రెండో శుక్రవారం, రెండున్నరకు, పిల్ల వచ్చింది. యూనిఫాంలోనే ఉంది. బట్టలు మార్చుకోవడానికి వెళ్లలేదు. బెంచీ మీద బ్యాగు ఒళ్లో పెట్టుకుని కూర్చుంది.

టోకెనమ్మ కౌంటరు తలుపు ఎత్తి బయటికి వచ్చింది.

“ఏమైంది?”

“మీకెందుకు?”

“చెప్పు తల్లీ.”

“మీ ఫారం వల్లే అంతా” అంది పిల్ల. ఏడవలేదు. పాఠం అప్పజెప్పినట్టు చెప్పింది. “నేను ఇంక రానని మెసేజ్ పెట్టా. మర్నాడు బడి గేటు దగ్గర నిలబడ్డాడు. ఇంటి సందులో కూడా. మేము హోటళ్లలో కూర్చున్న ఫోటోలున్నాయట. హెడ్‌మిస్ట్రెస్‌కి ఒకటి, అమ్మకి ఒకటి పంపిస్తాడట. పంపొద్దంటే ఇవాళ నాలుగింటికి రావాలట. ఊరి బయట ఎవరిదో ఇల్లుందట. రేపు దింపేస్తానన్నాడు.” బ్యాగు ముందుకు తోసింది. “ఇది పెట్టుకోండి. రేపు తీసుకుంటా. అమ్మకి ఫ్రెండ్ ఇంట్లో చదువుకుంటున్నానని చెప్పా.”

గోడ గడియారం రెండూ ముప్పై అయిదు చూపిస్తోంది.

“గది నిండిపోయింది” అంది టోకెనమ్మ.

పిల్ల ఆవిడ భుజం మీదుగా లోపలికి చూసింది. అరల్లో మొత్తం నాలుగు పెట్టెలు, కుర్చీ మీద ఒక సూట్‌కేసు.

“అయితే ఇక్కడే వదిలేసి పోతా.”

“పో. ఎవరైనా ఎత్తుకుపోతే నాది బాధ్యత కాదు.”

“నాదీ కాదు.”

ఇద్దరూ కాసేపు బ్యాగు వంక చూశారు. టోకెనమ్మ కాళ్లు తలుపు దాకా పోయి వచ్చాయి. మళ్లీ పోయి వచ్చాయి.

“ఒక మాట చెబుతా, విని తిట్టు” అంది. “ఆ ఫారం నేను పుట్టించిందే. అలాంటి రూలు లేదు, ఏ ఆఫీసులోనూ లేదు. నిన్ను ఆపుదామని, నీకు చెప్పకుండా నీ వెనక పన్నిన పన్నాగం అది. ఇప్పుడు మీ అమ్మ నంబరు నాకు కంఠతా వచ్చు. నేను చెయ్యగలను. చెయ్యను. మళ్లీ నీ వెనకాల ఏదీ చెయ్యను. నువ్వు చెయ్యి.”

“అమ్మకి తెలిస్తే చచ్చిపోతుంది.”

“ఫోన్లో మాట విని ఎవరూ చావరు. చెంప పగలగొడుతుందేమో. అది తట్టుకోవచ్చు.”

“మీకేం తెలుసు మా అమ్మ గురించి?”

“ఏమీ తెలియదు. ఆవిడ ఏం చేస్తుంది?”

“చొక్కాల ఫ్యాక్టరీ. కాలర్లు కుడుతుంది. మధ్యలో లేస్తే జీతం కోస్తారు. అందుకే...” పిల్ల ఆగింది. “అందుకే నేనేమీ అడగను ఆవిణ్ని. ఏం అడిగినా రాత్రంతా కూర్చుని ఆలోచిస్తుంది.”

రెండూ యాభై. టోకెనమ్మ లోపలికి వెళ్లి ఒక పెట్టె కిందికి దించింది, పైకి పెట్టింది. మూడయింది. బయటికి చూస్తే పిల్ల చేతిలో ఫోను ఉంది. మావయ్య ఇచ్చిన కొత్త ఫోను. దాన్ని బెంచీ మీద పెట్టి, బ్యాగు తాళం తీసి, అడుగు నుంచి పాత పగిలిన ఫోను బయటికి లాగింది. అద్దం పగులు మీద వేలు తెగకుండా జాగ్రత్తగా నొక్కుతోంది.

“అమ్మా” అంది. అవతలి గొంతు ‘ఏమైందే, ఏమైందే’ అనడం బెంచీ ఇవతలికి వినిపించింది. “బస్టాండుకి వస్తావా?” అంది పిల్ల. “ఇప్పుడే. కాదు, బాగానే ఉన్నా. బాగానే లేను. రా.”

బస్టాండు చివర పోలీసు ఔట్‌పోస్టు ఉంది. టోకెనమ్మ పిల్లను అడిగింది: “చెప్పనా వాళ్లకి?” పిల్ల తల ఊపింది. అక్కడి మహిళా కానిస్టేబుల్ తొందరలేని మనిషి. అంతా విని, ఫారం చూసి, “సొంత పేరే రాశాడా?” అని అడిగింది. “కార్డు నంబరుతో సహా” అంది టోకెనమ్మ. కానిస్టేబుల్ ఫారాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, “ఇలాంటివాళ్లు ఉండబట్టే మాకు పని సులువు” అంది. “కారు కదలకుండా, గోల లేకుండా, వాణ్ని లోపలికి రప్పించగలరా?”

టోకెనమ్మ భర్త గదికి పరుగెత్తింది.

మూడూ నలభైకి తల్లి వచ్చింది. మెడలో కొలత టేపు అలాగే ఉంది, తీయడం మరిచిపోయింది. జాకెట్టు చేతుల మీద తెల్లదారం పోగులు. కూతురు ఎదురుగా నిలబడి చెప్పింది. తల్లి కొట్టలేదు. కూతురి బ్యాగు తీసి తన భుజాన వేసుకుంది, అంతే.

నాలుగు దాటి అయిదు నిమిషాలకు రోడ్డు అవతల తెల్ల కారు ఆగింది. బస్టాండు పై కప్పు నుంచి, ముప్పై ఏళ్ల సాధనతో పదునెక్కిన గొంతు ఒకటి దిగింది.

“ప్రయాణికులకు మనవి. క్లోక్‌రూం నాలుగో నిబంధనను అనుసరించి, మైనరు సామాను రాత్రికి ఉంచుటకు సంరక్షకుల సంతకం అవసరమై ఉన్నది. తెల్ల కారులో వేచి ఉన్న మేనమామ గారు దయచేసి రెండు నిమిషములలో క్లోక్‌రూంకు విచ్చేయవలసిందిగా కోరడమైనది. అసౌకర్యమునకు చింతిస్తున్నాము.”

ముందు సెంటు వచ్చింది. తరువాత ఆయన వచ్చాడు, విసుక్కుంటూ, జేబులోంచి కలం తీస్తూ. “ఎన్నిసార్లండీ ఈ సంతకాలు? ఏదీ మా అమ్మాయి?”

“ఇదిగోండి ఫారం” అంది టోకెనమ్మ. కౌంటరు చెక్క గట్టిగా పట్టుకుంది. “వరస మరోసారి చూసుకోండి. మేనమామే కదా?”

“రాశాను కదా.”

అర పక్కనుంచి తల్లి ఇవతలికి వచ్చింది. ఆయన్ని పైనుంచి కిందికి, కొలత తీసుకుంటున్నట్టు చూసింది.

“మేనమామంటే నాకు అన్నో తమ్ముడో కావాలి” అంది. గొంతు చాలా మామూలుగా ఉంది. “మా అమ్మకి నేనొక్కత్తినే. మీరెప్పుడు పుట్టారు?”

ఆయన నవ్వాడు. ఆ నవ్వుకు ఎవరూ బదులు నవ్వలేదు. అది కాసేపు ముఖం మీదే ఉండిపోయింది, ఏం చేయాలో తెలియక. వెనక్కి తిరిగాడు. వాకిట్లో కానిస్టేబుల్, ఇంకో ఇద్దరు నిలబడి ఉన్నారు. “ఫోను ఇటివ్వండి సార్” అందావిడ. “కాపీ ఉండాలి కదా.”

ఆయన్ని స్టేషనుకు తీసుకుపోయారు. ఫోనులో దొరికిన ఫోటోలు ఒక్క పిల్లవి కావని సాయంత్రానికే తెలిసింది. టోకెనమ్మ మీద శాఖవారు నెల తరువాత విచారణ జరిపి, అనుమతి లేని నిబంధన రచించినందుకూ, అనుమతి లేని ఫారములు వాడినందుకూ ఒక ఇంక్రిమెంటు కోశారు. మైకును దుర్వినియోగపరచినందుకు భర్తకు మెమో వచ్చింది. మెమోకు ఆయన రాసిన జవాబు ‘దయచేసి గమనించగలరు’ అని మొదలైంది. అదంతా తరువాతి సంగతి.

ఆ సాయంత్రం ఔట్‌పోస్టులో పిల్ల వాంగ్మూలం తీసుకోవాలన్నారు. తల్లి లోపలికి వెళ్లబోతే పిల్ల అంది: “అమ్మ బయట ఉంటే చెబుతా.” కానిస్టేబుల్ తల్లి వంక చూసింది. తల్లి బయటికి వచ్చి, వరండాలో బెంచీ మీద కూర్చుంది. బ్యాగు భుజాన్నుంచి దించలేదు.

టోకెనమ్మ కూడా ఉంది. ఆవిడ వెళ్లిపోవచ్చు. వెళ్లలేదు. వరండా ఈ కొసకీ ఆ కొసకీ తిరుగుతోంది. ఏదైనా అనాలి. మంచినీళ్లు కావాలా అని అడగాలనుకుంది. భయపడకండి అనాలనుకుంది. బంగారంలాంటి పిల్ల అనాలనుకుంది. ఒక్కోటీ నోటిదాకా వచ్చి అడ్డం తిరిగింది.

“కొంచెం ఆగండి” అంది తల్లి. “మీరు తిరుగుతుంటే నాకు కళ్లు తిరుగుతున్నాయి.”

టోకెనమ్మ ఆగింది.

“ఎన్నాళ్లుగా వస్తోంది మీ దగ్గరికి?”

“నాలుగు నెలలు.”

“వారానికి రెండుసార్లు.”

“అవును.”

“కార్లు చూశారు.”

“చూశాను.”

తల్లి కొలత టేపు మెడలోంచి తీసి, వేలికి చుట్టడం మొదలుపెట్టింది. “నేను పొద్దున ఎనిమిదింటికి కూర్చుంటే రాత్రి ఎనిమిదింటికి లేస్తాను. నాకు కనిపించదు. నాకు ఎలా కనిపిస్తుంది? మీకు కనిపించింది కదా. నాలుగు నెలలు.” చుట్టిన టేపు విప్పింది. “ఫారాలు అచ్చు వేయించారట. కొత్త రూలు రాశారట. నాకు ఒక్క ఫోను చెయ్యడానికి చేతులు రాలేదా మీకు?”

టోకెనమ్మ దగ్గర జవాబులున్నాయి. రెండో నిబంధన ఉంది. మాట్లాడితే పిల్ల రావడం మానేస్తుందన్న భయం ఉంది. రెండుసార్లు నంబరు నొక్కిన సంగతి ఉంది. అవన్నీ నిజమే. ఆవిడ ఒక్కటీ బయటికి తీయలేదు.

“రాలేదు” అంది.

తల్లి తల ఊపింది. క్షమించినట్టు కాదు. కొలత సరిపోయిందన్నట్టు. బస్సులు వస్తున్నాయి, పోతున్నాయి. పైనుంచి ఎక్కడికో బస్సు బయలుదేరుతోందని మైకు చెబుతోంది. గొంతులో ఇవాళ కొంచెం జీర ఉంది.

అరగంట గడిచింది. లోపల ఏమీ వినిపించడం లేదు. కానిస్టేబుల్ గొంతు అప్పుడప్పుడు, ప్రశ్న అడుగుతున్నట్టు. జవాబు లేదు. మళ్లీ ప్రశ్న. తల్లి మూసిన తలుపు వంకే చూస్తోంది. టేపు ఎర్రగా కోసుకుపోయేటంత బిగించి చుట్టింది వేలికి.

తలుపు కొద్దిగా తెరుచుకుంది. పిల్ల తల మాత్రం బయటికి వచ్చింది. ముఖం కడుక్కున్నట్టుంది, ముంగురులు తడిగా ఉన్నాయి.

“మేడం మొదటినుంచి చెప్పమంటోంది” అంది. “మొదలు ఎక్కడో నాకు తెలియట్లేదు.”

తల్లి లేవబోయి ఆగింది. “నన్ను బయట ఉండమన్నావుగా.”

“అన్నాను.” పిల్ల తలుపు అంచు గోటితో గీకింది. “ఇప్పుడు రా. కాని మధ్యలో ఏమీ అనకు. చివరిదాకా అనకు.”

“అనను.”

“ఒట్టు?”

“ఒట్టు పెట్టించుకునే వయసా ఇది” అంది తల్లి. అంటూనే చెయ్యి పిల్ల నెత్తిన పెట్టింది.

ఇద్దరూ లోపలికి వెళ్లారు. తలుపు దగ్గరగా పడింది. కుర్చీ జరిగిన చప్పుడు, కాగితం తిప్పిన చప్పుడు. ఆ తరువాత పిల్ల గొంతు మొదలైంది. ముందు తడబడుతూ, తరువాత కొంచెం నిలకడగా, బడి తెరిచిన కొత్తలో ఎవరిదో పుట్టినరోజుకు క్లాసులో అందరూ ఫోటోలు దిగుతుంటే తన పగిలిన ఫోను దాచుకున్న సంగతి దగ్గర్నుంచి.